ఎఫీ బంగారు బిళ్ళ కుట్టదు

ఊలూమూలూ రేవులో ఓడ దిగిన నావికుడు ముందు బీరుకొట్టుకి పోతాడు, తర్వాత ఎఫీ మెక్‌గ్లిన్ ఇంటికి పోతాడు. కాస్త తెలివున్నవాడు ముందు ఎఫీ దగ్గరికే పోయేవాడు. తాగొచ్చి ఆవిడ ముందు నిలబడితే ఏమవుతుందో వాడికి తెలుసు.

మెట్ల కింద, గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళల్లో ఒకటి ఆవిడది. ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీ, ఒళ్ళో ఎవడిదో నీలం చొక్కా, నోట్లో సూది. సూది నోట్లో పెట్టుకునే తిట్టేది, ఒక్కనాడూ మింగలేదు.

నావికుడి బతుకంతా వాడి చొక్కా చేతులమీద రాసుంటుంది. ఎడం చేతిమీద లంగరు వచ్చిందంటే వాడు పదిమంది మీద పెద్దోడయ్యాడని. దాని కింద పట్టీ పడిందంటే కొన్నేళ్ళపాటు బుద్ధిగా ఉన్నాడని, లేకపోతే దొరకలేదని. కుడి చేతిమీది బిళ్ళ వాడి పని చెబుతుంది. ఫిరంగి పేల్చేవాడికి ఫిరంగి, టార్పెడో వదిలేవాడికి టార్పెడో, అడుగున బాయిలర్ దగ్గర మాడి చచ్చేవాడికి మూడు రెక్కల పంఖా. రోజూ తొడిగే చొక్కామీద ఎర్రదారం బిళ్ళ. ఊళ్ళోకి షోకు చేసుకుని పోయే చొక్కామీద బంగారు జరీ బిళ్ళ. ఇవన్నీ కుట్టేది ఎఫీయే. ఎవడన్నా వెధవపని చేసి పట్టీ పోగొట్టుకుంటే విప్పేదీ ఎఫీయే.

"అమ్మా, పట్టీ కాస్త పైకి కుట్టు, పొడుగ్గా కనిపిస్తా," అనేవాడు ఒకడు.

"పట్టీ నెత్తిమీద కుట్టినా నువ్వు పొట్టోడివే. ఊపిరి వదులు, కొలత తప్పుతోంది."

నిన్నగాక మొన్న చేరినవాడు కాలరుని సోడాలో నానబెట్టి తెల్లబరుచుకొచ్చేవాడు, ఎన్నో సముద్రాలు తిరిగినవాడిలా కనిపించాలని. ఎఫీ ఆ కాలరుని రెండు వేళ్ళతో ఎత్తి చూసేది. "సముద్రం ఇంకా నిన్ను చూడనేలేదు. అప్పుడే ముసలితనం నటిస్తున్నావా? ఆగు, నిజంగానే వస్తుంది."

తొడుక్కున్న చొక్కామీద మాత్రం ఒక్క కుట్టు కూడా వేసేది కాదు. ఒంటిమీద ఉండగా కుడితే పీనుగకి గుడ్డ చుట్టి కుట్టినట్టే. విప్పి ఇవ్వమనేది. ఎంత చలైనా వాళ్ళు బనీనుతో వణుకుతూ గోడవారన నిలబడేవాళ్ళు.

ఆవిడకి ఒక్కడే కొడుకు, క్లారీ. వాడు పుట్టేటప్పుడు తలమీద పొరతో పుట్టాడు. ఉల్లిపొర ఉంటుంది చూడండి, అట్లా సన్నంగా, తడితడిగా, మొహం మీదికి జారి ఉందట. మంత్రసాని దాన్ని జాగర్తగా ఒలిచి, ఆరబెట్టి ఎఫీ చేతిలో పెట్టింది. "దాచుకో తల్లీ. ఇది దగ్గరున్నవాణ్ణి నీళ్ళు మింగవు."

రేవులో ఇది అందరికీ తెలిసిన మాటే. ఓడ కెప్టెన్లు అడిగినంత ఇచ్చి కొనుక్కుపోయే వస్తువు అది. మొగుడు ఆర్చీ రేవులో మూటలు మోసేవాడు. చెడ్డోడు కాదు, దాహం ఎక్కువ. పొర సంగతి తెలిసిన రోజే, అమ్మేసి పిల్లాడి పుట్టుక పండగ చేద్దామన్నాడు. బాలింతరాలు లేచి చీపురు తీసింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎఫీ ఆ పొరని కాగితంలో మడిచి ప్రార్థన పుస్తకంలో పెట్టుకుంది.

తర్వాత ఒకరోజు ఓడలోకి ఎక్కిస్తున్న ఉన్నిమూటలు తాడు తెగి ఆర్చీ మీద పడ్డాయి. రూక్‌వుడ్ శ్మశానంలో పాతారు. మా బీదోళ్ళ గొయ్యి లోతుగా తవ్వుతారు, ఒకరిమీద ఒకరిని పెట్టొచ్చని. ఆర్చీ మీద ఇంకా చోటుంది. "పైన నేను, నా పైన క్లారీ. చచ్చాక కూడా వాళ్ళ నాన్న గురక నేనే వినాలి," అనేది ఎఫీ.

క్లారీ పెద్దోడై నౌకాదళంలో చేరాడు. ఎఫీకి కొడుకు చేతిమీద ఫిరంగులు చూడాలని ఉండేది. వాడికి పంఖా వచ్చింది. బాయిలర్ మనిషి. మొదట మొహం మాడ్చుకుంది, తర్వాత సర్దుకుంది. పంఖా అయితేనేం, పంఖా తిరక్కపోతే ఫిరంగులు ఎక్కడికి పోతాయి?

వాడి షోకు చొక్కామీది బిళ్ళ మాత్రం కొట్లో కొన్నది పెట్టనివ్వలేదు. ఎప్పుడో ఒక అధికారి పాత కోటు మోచేతి నుంచి విప్పిన జరీ ఆవిడ దగ్గర ఉండేది, పోయిన యుద్ధానికి ముందు నాటి గట్టి జరీ. దాంతో తనే పంఖా కుట్టింది. రెక్క రెక్కకీ వంపు, వంపుకి మెరుపు. ఆ బిళ్ళ వెనకాల, గుడ్డకీ జరీకీ మధ్య, పుట్టుకనాటి పొరని పెట్టి మూసేసింది. క్లారీకి చెప్పలేదు. చెప్తే నవ్వుతాడు, మొగవాడు కదా.

ఎర్రబిళ్ళ వెనక ఎందుకు పెట్టలేదు? ఆ చొక్కాని ఓడమీద ఉప్పునీళ్ళతో బండకేసి బాదుతారు, పొర నాలుగు ఉతుకులకి కరిగిపోతుంది అనుకుంది. అది ఒక కారణం. రెండోది, తన కొడుకు తాయెత్తు బంగారం వెనకాలే ఉండాలని. రాణిగారి నగ పెట్టెలో ఉండాలి గానీ పోపులపెట్టెలో ఉంటుందా? డాబు. ఆవిడకీ ఉంది ఆ జబ్బు.

ఆ చొక్కా తొడుక్కుని వాడు వీధిలో నడిచాడు చూడండి, అడ్డమడతల వెడల్పు లాగూ ఊగుతుంటే, నల్లపట్టు గుడ్డ మెళ్ళో ముడేసుకుని! వీధిలో ఆడవాళ్ళంతా అదృష్టం కోసం వాడి కాలరు తాకారు. పక్కింటి డల్సీ రెండుసార్లు తాకింది. "ఒకసారి చాలదే?" అంది ఎఫీ. "మొదటిది అదృష్టానికి. రెండోది నాకిష్టమై," అంది డల్సీ.

యుద్ధం వచ్చింది. మొట్టమొదట నావికుల నుదుటిమీద పేరు పోయింది. టోపీ పట్టీమీద ఓడ పేరు ఉండేది కదా, శత్రువుకి తెలియకూడదని తీసేసి, అందరికీ ఒకటే అక్షరాలు పెట్టారు. ఎవడిది ఏ ఓడో తల్లికి కూడా తెలియదు. క్లారీ ఓడ ఉత్తరాన వేడి సముద్రాల్లోకి పోయింది.

ఒకరోజు పాదిరి మెట్లు దిగి వచ్చాడు. ఆ రోజుల్లో పాదిరి మెట్లు దిగుతున్నాడంటే ఆడవాళ్ళంతా తెరలు వేసుకుని, మా గుమ్మం దాటిపో, దాటిపో అనుకునేవాళ్ళు. ఎఫీ గుమ్మం దాటలేదు ఆయన.

"బాయిలర్ గొట్టం పగిలిందమ్మా. క్షణంలో పోయాడు. బాధ తెలీలేదు. గౌరవంగా సముద్రంలో కలిపారు."

"ఏం తొడుక్కున్నాడు?" అంది ఎఫీ.

పాదిరికి అర్థం కాలేదు. దుఃఖంలో ఏదో అంటోందనుకున్నాడు. ఎఫీకి మాత్రం ఆ అడగడంలోనే జవాబు తెలిసిపోయింది. బాయిలర్ ముందు ఎవడూ జరీ చొక్కా తొడగడు. అది ఓడలో వాడి పెట్టెలో మడత మీద ఉంటుంది. ఒంటిమీద ఉన్నా మాత్రం ఏం? నీళ్ళకి తాయెత్తు కట్టింది ఆవిడ, కొడుకుని తిన్నది ఆవిరి. ఆ నీళ్ళకి కట్టింది కూడా వాడి ఒంటికి కాదు, పెట్టెకి కట్టింది.

"వాడి చొక్కా నాకు కావాలి. బంగారు పంఖా ఉన్నది," అంది.

అప్పుడు పాదిరి నెమ్మదిగా చెప్పాడు. వాచీ, ఫోటోలు, జపమాల వస్తాయి. బట్టలు రావు. ఓడమీద చచ్చినవాడి బట్టలు తోటివాళ్ళు వేలం వేసుకుంటారు. ఒకడు కొని మళ్ళీ వేలంలోనే పడేస్తాడు, ఇంకొకడు కొంటాడు, వాడూ పడేస్తాడు. అట్లా తిప్పితిప్పి పోగైన డబ్బు తల్లికి పంపుతారు. పాత ఆచారం. ప్రేమతో చేసేదే. ఆ డబ్బు మూట ఆయన చేతిలోనే ఉంది.

ఎఫీ ఆ మూటని విప్పకుండా టీ డబ్బాలో పడేసి మూత పెట్టింది.

"వేలంలో నా కొడుకు చొక్కా ఎవడికి పోయింది?"

"అది ఎవరికి తెలుస్తుందమ్మా?"

ఆ రోజు నుంచీ ఎఫీ వీధిలో నావికుల మొహాలు చూడటం మానేసింది. కుడి చేతులు చూసేది. రేవు గేటు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళ భుజాలు తడిమేది కళ్ళతో. జరీ పంఖా కనపడితే ఎదురెళ్ళి చెయ్యి పట్టుకునేది, తనది కాదని చూసి వదిలేసేది. పిచ్చెక్కిందన్నారు. అదృష్టం కోసం నావికుల్ని తాకే ఆడవాళ్ళు కాలరు తాకుతారు, ఈవిడేమో చెయ్యి తిప్పి చూస్తోంది, గొడ్డుని బేరం చేసినట్టు.

డల్సీ రొట్టె, రాసుకోడానికి మాంసం కొవ్వు తెచ్చిపెట్టి కూర్చునేది. "దొరికితే ఏం చేస్తావే దాన్ని?"

"పాతుతా. ఆర్చీ మీద, నాకు ఉంచిన చోట్లో. వాడి ఒంటిది ఈ నేలమీద మిగిలింది అదొక్కటే డల్సీ. మిగతాదంతా చేపలు తిన్నాయి. ఆ గోరంత తోలుకైనా మట్టి పెట్టకపోతే నేను తల్లినేం?"

"వేలంలో కొన్నవాడు ఇవ్వనంటే?"

"ఊడబెరుకుతా."

ఆ చొక్కాని వెతుక్కుంటూ ఆవిడ అన్ని ఓడలకీ ఎదురుచూసింది. చివరికి చొక్కాయే ఆవిడ్ని వెతుక్కుంటూ వచ్చింది. రాక ఎక్కడికి పోతుంది? బిళ్ళ మార్చాలంటే ఊలూమూలూలో ఇంకెవరున్నారు?

వానపడుతున్న మధ్యాహ్నం. తలుపు కొట్టకుండానే తోసుకొచ్చాడు ఒకడు. ముప్పై ఏళ్ళుంటాయి, ముందు పళ్ళు రెండు లేవు, మొహంనిండా మచ్చలు, నవ్వితే గేటు తెరిచినట్టుంది. పేరు మెర్వ్ స్ప్రాగ్. చంకలో తడిసిన మూట.

"ఎఫీ అంటే నువ్వేనా అమ్మా? నీ నోరు చూసి భయపడమన్నారు. నాకు మా ఆవిడ అలవాటే."

"కాళ్ళు తుడుచుకో. మీ ఆవిడకి నేను జాలిపడుతున్నానని చెప్పు."

ఒంటిమీది చొక్కా విప్పి ఇచ్చాడు. "దీని ఎడం చేతిమీది పట్టీ విప్పాలి. పీకేశారు నాయాళ్ళు. రెండోది మూటలో ఉంది. దాని బిళ్ళ విప్పి ఈ టార్పెడో కుట్టాలి. బంగారు టార్పెడో, చూడు, ఎంత మెరుస్తోందో! ఈ రాత్రికి ఊళ్ళో తిరగాలి, రేపు ఓడ కదులుతుంది."

ఎఫీ మూట విప్పింది. లోపల జరీ పంఖా.

తన కుట్టు తను పోల్చుకోవడానికి దీపం అక్కర్లేదు. చెయ్యి వేసింది. వెనకాల సన్నగా, ఎండుటాకులా గలగలమంది పొర. అక్కడే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది చొక్కాని. ఎవడిదో చుట్టపొగ వాసన. కొడుకు వాసన ఎప్పుడో పోయింది.

"ఎక్కడిది ఇది?" అంది. గొంతు మామూలుగానే ఉంది, ఆవిడ గొంతు ఎప్పుడూ బొంగురే.

"మా ఓడమీద ఒకడు పోయాడమ్మా. వేలంలో కొన్నా. ఒట్టు, నేనూ తిరిగి వేలంలో పడేద్దామనే చెయ్యెత్తా. అందరూ అట్లాగే చేస్తున్నారు కదా. ఎత్తి చూస్తే అచ్చం నా కొలతే! చెయ్యి దింపేశా. మావాళ్ళు ఇప్పటికీ దెప్పుతారు, చచ్చినవాడి చొక్కాలో దూరిన ఎలకా అని."

ఎఫీ కత్తెర మొన పెట్టి ఒక్కో కుట్టూ తెంపడం మొదలుపెట్టింది. ఎన్ని బిళ్ళలు విప్పిన చేతులవి!

"ఈ పట్టీ ఎందుకు పీకారు?"

"వాడి మూలానే. బ్రాందీ దొంగతనం." మెర్వ్ బనీనుతో పొయ్యి దగ్గరికి జరిగాడు. "గొట్టం పగిలింది పొద్దున టీ వేళకి. వాణ్ణి పైకి తెచ్చి పడుకోబెట్టారు. చీకటి పడేదాకా ఉన్నాడు."

"క్షణంలో పోయాడని అన్నారే?"

"ఎవరన్నారు? పాదిరులా? వాళ్ళట్లాగే అంటారులే, తల్లులకి చెప్పేది అదే కదా. క్షణమా! రోజంతా. అరవడానికి గొంతు కూడా లేదు. ఒంటిమీద తోలు మిగల్లేదమ్మా, తలనుంచి కాలిదాకా. చొక్కా విప్పుదామని చూస్తే చొక్కాతోపాటే..." చెయ్యి ఊపి ఊరుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆఖరి కుట్టు తెగింది. బిళ్ళ లేచింది. ఎఫీ అరచేతిలోకి ఆ పొర జారింది. పసుపుపచ్చగా, చిల్లికాణీ అంత బరువు కూడా లేకుండా. కొడుకు తోలు. భూమ్మీద మిగిలిన తోలు. వాడు చెబుతూనే ఉన్నాడు, ఆవిడ పిడికిలి మూసుకుంది.

"డాక్టరు దగ్గర బ్రాందీ ఉంటుంది, తాళంలో. వీడికి ఇక దండగని ఇవ్వలేదు. నేను తాళం విరక్కొట్టా. సగం వాడికి చుక్కచుక్కగా పోశా. సగం నేను తాగా. నిజమే చెబుతున్నా, నాకూ కావాల్సొచ్చింది ఆ పూట. దొరికిపోయా. పట్టీ పోయింది."

"ఏమన్నా అన్నాడా వాడు?"

"నీళ్ళడిగాడు. తర్వాత వాళ్ళమ్మని పిలిచాడు. ఆవిడ మాత్రం మనలాంటిది కాదులే. అవతలి ఒడ్డున కొండమీద పెద్ద ఇల్లట. పియానో వాయిస్తుందట. ఎప్పుడూ చెప్పేవాడు, మా అమ్మ పియానో అని."

"పియానో," అంది ఎఫీ.

"ఆఁ. అంత పెద్దింటివాడు బాయిలర్లో ఎందుకున్నాడో మాకెవరికీ అర్థం కాలేదు. ఏం, నీకు తెలుసా వాడు?"

"తెలుసు. నేనే కన్నా."

మెర్వ్ టోపీ తీసుకున్నాడు, మళ్ళీ పెట్టేశాడు. తలుపు వైపు నడిచాడు.

"ఎక్కడికి? బనీనుతో వానలోకా?"

"అమ్మా, నేను... నాకు తెలిస్తే నోరు..."

"నోరు మూసుకుని కూర్చో. నాకు ఒక్క నిజం చెప్పావు, పాదిరి కూడా చెప్పలేదు. టీ ఆ కుండలో ఉంది. పోసుకో."

వాడు పోసుకున్నాడు. చొక్కా చూపించి అన్నాడు, "అది నువ్వే ఉంచుకో అమ్మా."

"నాకొద్దు. నీ కంపు కొడుతోంది."

ఆవిడకి కావాల్సింది అప్పటికే ఏప్రాన్ జేబులో ఉంది. వాడికి తెలియదు, వాడి అబ్బకి తెలియదు. ఆదివారం రైలెక్కి రూక్‌వుడ్ పోవడమే. చిన్న తాపీ ఒకటి ఆర్చీ సామాన్లలో ఉంది. ఇన్నాళ్ళూ ఎన్ని చేతులు తిప్పి చూసింది దీనికోసం!

"మీదేవూరు?" అంది.

"బ్రోకెన్ హిల్. గనుల ఊరు. నీళ్ళంటే గొర్రెల తొట్టి, అంతే. ఓడెక్కేదాకా సముద్రం చూళ్ళేదు."

"ఈతొచ్చా?"

మెర్వ్ కాస్త నవ్వాడు. "ఈత పరీక్షలో నా పేరు చెప్పి ఇంకోడు దూకాడమ్మా. వాడికి నేను చుట్టలు కొనిపెట్టా."

"ఓరి వెధవా! ఈతరాక నౌకాదళమా?"

"ఓడ తేలుతుంది కదా, మనం తేలాలా?"

ఎఫీ లేచింది. కిటికీ దగ్గర నిలబడింది. రేవులో బూడిదరంగు ఓడలు, వాటికి పేర్లు లేవు. రేపు వీడు పోతాడు. తాగుబోతు, దొంగ, వాగుడుకాయ. వీడిలాంటివాడు పోతే పెళ్ళాం తప్ప ఏడ్చేవాళ్ళుండరు, ఆవిడ కూడా అనుమానమే. అయినా చుక్కచుక్కగా పోసింది వీడే. చచ్చిపోయినవాడికి ఇంకేం కావాలి, బతికేవాడికి కదా కావాల్సింది అంది ఒక మనసు. ఆర్చీ మీద చోటు ఖాళీగా ఉంది, కన్నకొడుక్కి మట్టి కూడా పెట్టవా అంది ఇంకో మనసు. రెండు మనసులూ జుట్టుజుట్టు పట్టుకున్నాయి. ఆవిడ అట్లా నిలబడే ఉంది, కుండలో టీ చల్లారిపోయేదాకా.

చివరికి కూర్చుని వాడి రోజువారీ చొక్కా ఒళ్ళోకి లాక్కుంది. పట్టీ విప్పింది. కింద గుడ్డ ముదురు నీలంగా ఉంది, చుట్టూ వెలిసిపోయింది. తర్వాత కుడి చెయ్యి తిప్పి ఎర్ర టార్పెడో బిళ్ళకి కత్తెర పెట్టింది.

"అది బాగానే ఉందిగా అమ్మా?"

"కొస ఊడింది. నీకు కళ్ళుంటే కదా."

తలుపు వెనక ఆర్చీ వాన కోటు వేలాడుతోంది, నూనెగుడ్డది. దాని అంచు కత్తిరించింది. వాడికి వీపు పెట్టి, ఆ ముక్కలో పొరని మడిచి, ఎర్రబిళ్ళ వెనక పెట్టి, చుట్టూ ఇంక నీటిబొట్టు దూరకుండా దగ్గర దగ్గరగా కుట్టింది. మొదటిసారి ఇట్లా ఎందుకు కుట్టలేదు అని ఆవిడ ఎన్నిసార్లు తనని తాను అడిగిందో! నూనెగుడ్డ అప్పుడూ ఆ తలుపు వెనకే ఉంది.

"ఇదిగో. సముద్రంమీద ఇది ఒంటిమీంచి తియ్యకు. పడుకున్నా సరే."

"కంపు కొడతానమ్మా."

"ఇప్పుడు సెంటు కొడుతున్నావా? తొడుక్కో."

"మరి బంగారు టార్పెడో?"

"బంగారు బిళ్ళ నేను కుట్టను."

"ఎందుకు?"

"కుట్టనంటే కుట్టను. పో."

అట్లా మొదలైంది ఆ మాట. వాడు జరీ చొక్కా చంకలో పెట్టుకుని పోయాడు, చేతిమీద బోసిగా పంఖా ఆకారం మచ్చలా మిగిలి. జరీ పంఖా బిళ్ళ ఎఫీ దగ్గరే ఉండిపోయింది.

ఆ ఆదివారం రూక్‌వుడ్ పోలేదు. డల్సీకి జరిగిందంతా చెప్పింది. డల్సీ నోరు తెరిచింది. "కన్నకొడుకు ముక్కని ఆ గేటు నోరోడికి ఇచ్చావా?"

"తిరిగొస్తాడులే. వచ్చాక విప్పుకుంటా. అరువిచ్చానంతే."

అదీ ఆవిడ లెక్క. యుద్ధం అయిపోతుంది, వాడొస్తాడు, పట్టీ కుట్టమంటాడు, అప్పుడు తీసుకుని పాతుతుంది. ఇప్పుడు రేవు గేటు దగ్గర నిలబడితే చేతులు కాదు, మళ్ళీ మొహాలు చూడటం మొదలుపెట్టింది. పళ్ళు లేని మొహం కోసం.

వాన్లు పోయాయి, ఎండలొచ్చాయి, మళ్ళీ వాన్లు. ఓడ మునిగిందని గుసగుస వచ్చింది. ఏ ఓడో పేపర్లో రాయలేదు. ఎఫీ కిటికీ దగ్గర కూర్చుని ఎర్రబిళ్ళలు కుడుతూనే ఉంది.

ఒకరోజు తలుపు కొట్టి వచ్చాడు మెర్వ్. కొట్టాడంటేనే తెలిసింది ఆవిడకి, వీడికి ఏదో అయిందని. ఎవరివో పొట్టి లాగూ, ఎవరిదో వదులు కోటు, తలమీద టోపీ లేదు. బుగ్గలు పీక్కుపోయాయి.

"బతికావా!" అంది ఎఫీ.

"ఏమో అమ్మా. అట్లాగే అంటున్నారు." కూర్చున్నాడు. "రాత్రి దెబ్బ తగిలింది. నీళ్ళలో పడ్డా. ఈతొచ్చినవాళ్ళు ఎంతమంది పోయారో! నా పక్కనే, చేపపిల్లలా ఈదేవాడు, పోయాడు. నేను ఏదో చెక్క పట్టుకున్నా, చెక్క జారిపోయింది. అయినా తేలుతూనే ఉన్నా. ఎట్లా తేలానో నాకు తెలీదు. మధ్యాహ్నం ఒక ఓడ వచ్చి లాగింది."

ఎఫీ ముందుకి వంగింది. "ఒంటిమీద ఏముంది?"

"ఆఁ?"

"చొక్కారా! నేను తియ్యొద్దన్న చొక్కా!"

"అదే ఉంది. తియ్యలేదు, నీ మాట కొట్టెయ్యలేదు."

"ఎక్కడ?"

మెర్వ్ మొహం చూశాడు ఆవిడది. ఎందుకడుగుతోందో అర్థం కాలేదు, కానీ ఏదో తప్పు చేశానని మాత్రం అర్థమైంది. "ఓడ నూనంతా మా ఒంటికి పట్టిందమ్మా, తారులాగా. పైకి లాగగానే కత్తెర్లతో బట్టలు కోసేశారు అందరివీ. కోసి..."

"కోసి?"

"సముద్రంలోకి పారేశారు."

ఎఫీ వెనక్కి వాలింది. ఇప్పుడు తిడుతుందని ఎదురుచూశాడు వాడు. తిట్టలేదు. దాంతో ఇంకా భయం వేసింది వాడికి.

"క్లారీని కలిపింది కూడా ఆ సముద్రంలోనేనా?" అంది చివరికి.

"ఆ పక్కనే అమ్మా. ఆ నీళ్ళే."

"సరేలే," అంది. అనేసి లేచి, మటన్ ముక్క చల్లారింది ఉంటే రొట్టెతో పెట్టింది. వాడు తింటుంటే కొలత టేపు తీసి భుజాలు కొలిచింది. "కొత్త చొక్కా ఇస్తారుగా, తీసుకురా. టార్పెడో కుడతా. ఎర్రదే."

లోపల ఏముందో వాడికి ఆ రోజూ చెప్పలేదు, ఎప్పుడూ చెప్పలేదు. "చెప్తే ఏం చేస్తాడే," అంది డల్సీతో. "రెండు చేతులెత్తి మొక్కుతాడా? పోయి బీరుకొట్లో కథ చెప్పి ఊరికే తాగుతాడు."

ఆ ఆదివారం ఇద్దరూ రూక్‌వుడ్ పోయారు. ఎఫీ సంచిలోంచి టీ డబ్బా తీసింది, వేలం డబ్బు మూటతోపాటే, ఆనాడు విప్పకుండా వేసింది వేసినట్టే. దాని మీద జరీ పంఖా బిళ్ళ పెట్టి మూత బిగించింది. ఆర్చీ తాపీతో గొయ్యి తవ్వుతుంటే డల్సీ ఆగలేకపోయింది.

"డబ్బులైనా తీసుకోవే! నీ పైకప్పు కారుతోంది."

"వాడి బట్టల డబ్బది. వాడి బట్టలతో పోనీ."

"ఇక్కడ వాడే లేడు కదే. ఇదేం పాతడం?"

"వాణ్ణి పాతుతున్నాననుకున్నావా? వాడు అక్కడున్నాడు, వాడి తోలు కూడా వాడి దగ్గరికే పోయింది. నేను పాతుతున్నది నా డాబుని." మట్టి కప్పి, కాలితో తొక్కి, తాపీ తుడుచుకుంది. "పియానోతో సహా."

యుద్ధం అయిపోయాక ఓడల పేర్లు మళ్ళీ టోపీలమీదికి వచ్చాయి. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య కదా, నావికుల్ని జనం మెల్లగా మర్చిపోయారు. మెర్వ్ మర్చిపోనివ్వలేదు. ఏడాదికోసారి తాగొచ్చి, ఎఫీ వంటింట్లో ఉన్నదంతా తిని, ఎంత తిట్టినా నవ్వి పోయేవాడు. ఎఫీ కళ్ళు మసకబారేదాకా ఎర్రబిళ్ళలే కుట్టింది. జరీది తెచ్చినవాడికి కొండమీది దర్జీ ఇల్లు చూపించేది.

"ఎందుకమ్మా, బంగారం కుట్టలేవా?" అనేవాడు కొత్తగా వచ్చినవాడు.

"కుట్టగలను," అనేది ఎఫీ. "చొక్కా విప్పు. ఎర్రది ఇటివ్వు."